పరీక్షకు ముందూ తర్వాతా: ఎముకలు, కీళ్ల జబ్బుల్లో నర్సు పాత్ర

ఎముకలు, కీళ్లు, కండరాల జబ్బుల్లో రోగనిర్ధారణ పరీక్షలకూ నర్సింగ్ సేవకూ ఉన్న సంబంధమే ఈ స్మారకోపన్యాసానికి విషయం. విశాఖపట్నం ఎముకల వార్డుల్లో తరాలుగా పనిచేసి, ఏ శిలాఫలకం మీదా పేరు లేకుండా వెళ్లిపోయిన నర్సుల స్మృతికి ఇది అంకితం. వైద్యులు, నర్సింగ్ అధ్యాపకులు, విద్యార్థినులు, రేవులోనూ ఉక్కు కర్మాగారంలోనూ పనిచేసి రిటైరైనవారు ఒకే సభలో కూర్చోవడం ఈ విషయానికి తగినదే. పరీక్ష రాసేవారు, చేయించేవారు, చేయించుకునేవారు ముగ్గురూ ఇక్కడ ఉన్నారు.

ఈ జబ్బుల్లో పరీక్ష ఒక్క ఘడియ సాక్ష్యం. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న మనిషి వేళ్లు తెల్లవారుజామున బిగుసుకుపోయి గ్లాసు కూడా పట్టుకోలేవు; పదిన్నరకు ఓపీలో డాక్టరు చూసేసరికి సగం సడలి ఉంటాయి. విరిగిన కాలికి మధ్యాహ్నం తీసిన ఎక్స్‌రే ఎముక ఎక్కడ విరిగిందో చెబుతుంది, రాత్రి రెండింటికి ఆ కాలి కండరాల్లో ఒత్తిడి పెరుగుతున్న సంగతి చెప్పదు. ఆ మిగిలిన గంటలన్నీ నర్సు కళ్లముందు గడుస్తాయి. పైగా పరీక్ష నిజం చెప్పాలంటే దానికి ముందు రోగిని సిద్ధం చేయడం, నమూనాను సరిగా తీసి సకాలంలో పంపడం, తర్వాత కనిపెట్టుకుని ఉండడం కావాలి. పరీక్ష యంత్రానిదనీ సేవ నర్సుదనీ విడగొట్టి చూడడం ఈ శాఖలో కుదరదు. ఈ శాఖ చరిత్ర కూడా అదే చెబుతుంది.

బ్రిటన్‌లో ఆధునిక ఎముకల వైద్యం ప్రత్యేక శాఖగా రూపుకట్టింది చాలావరకు ఒక రేవు పట్టణంలోనే. నాటుకట్టు కట్టే వేల్స్ కుటుంబంలో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ వైద్యం చదివి, లివర్‌పూల్‌లో ఓడరేవు కూలీల మధ్య స్థిరపడ్డారు. తొడ ఎముక విరిగిన కాలిని కదలకుండా చాచి ఉంచే థామస్ స్ప్లింటు ఆయన పేరుతోనే నేటికీ వార్డుల్లో ఉంది. థామస్ భార్యకు మేనల్లుడైన రాబర్ట్ జోన్స్ 1888లో మాంచెస్టర్ ఓడల కాలువ తవ్వకానికి వైద్యాధికారిగా నియమితులై, వేలమంది కూలీలకు పని జరిగేచోటే ప్రమాద చికిత్స ఏర్పాటు చేశారు. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రేను కనుగొంటే, మూడు నెలలు తిరక్కుండానే 1896 ఫిబ్రవరిలో ఒక బాలుడి మణికట్టులో దిగిన తూటాను లివర్‌పూల్‌లో ఆ కిరణాలతో చూశారు. చూడమని కోరింది జోన్స్. ఫొటో తీసింది భౌతికశాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్.

ఇదే జోన్స్‌కు వృత్తిలో దీర్ఘకాలం తోడునిలిచింది మరో డాక్టరు కాదు, నర్సు. చిన్ననాడే తుంటికీలు జబ్బుతో కాలు దెబ్బతిన్న ఆగ్నెస్ హంట్ 1900లో ష్రాప్‌షైర్‌లోని బాస్‌చర్చ్ అనే పల్లెలో ఎముకల రోగులకు విశ్రాంతి గృహం తెరిచారు. గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే షెడ్లలో పిల్లలను పడుకోబెట్టి, నెలల తరబడి స్ప్లింటులో ఉన్న కాళ్లను చూసుకున్నారు. శస్త్రచికిత్స గంటలో ముగుస్తుంది, కీలు కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిని ఎవరు మోస్తారన్న ప్రశ్నకు ఆమె తన సంస్థతోనే జవాబిచ్చారు. థామస్ ఇంటి నాటుకట్టులాగే తెలుగునాట కట్టు కట్టే విద్యకు పుత్తూరు పేరు మోగింది. అయితే కట్టు కట్టే కుటుంబాల పనీ ఆసుపత్రి పనీ ఇక్కడ ఎక్కువగా వేర్వేరు దారుల్లోనే నడిచాయి. ఊళ్లో వెదురుబద్దలతో బిగించిన కట్టుతో మనిషి వార్డుకు వస్తే, నర్సు మొదట చూడవలసింది ఎక్స్‌రేను కాదు, కట్టు బయట కనిపించే వేళ్ల రంగును.

విశాఖలో వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నుంచి ఉన్నాయి. పదేళ్లకు, 1933 అక్టోబరు 7న, జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది; 1948 మార్చి 14న అక్కడ కట్టిన జలఉష నీటిలోకి దిగింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఈ తేదీల వెనక శరీరాలున్నాయి. బస్తా మోసిన నడుము, ఓడ పొట్టలో వంగి వెల్డింగ్ చేసిన మెడ, గాలి సుత్తి అదురుకు చల్లబడి తెల్లబారే వేళ్లు, లోతునుంచి తొందరగా పైకి వచ్చిన గజ ఈతగాడి తొడ ఎముక తల. చివరిది చాలామందికి తెలియదు. రక్తంలో ఏర్పడిన నైట్రోజన్ బుడగల వల్ల ఎముకకు రక్తసరఫరా తెగి, నెలలు గడిచాక తుంటి నొప్పిగా బయటపడుతుంది. మామూలు ఎక్స్‌రే అప్పటికీ బాగానే ఉండొచ్చు. ముందుగా పట్టించేది ముఖ్యంగా ఎంఆర్‌ఐ. ఏం పని చేశావని అడగనిదే ఏ పరీక్ష రాయాలో తెలియదు. ఆ ప్రశ్న కేసు షీటులో వృత్తి అన్న గడిలో ఒక్క మాటతో ముగియడం సరికాదు. కూలీ అని రాస్తే ఏమీ తెలియదు.

ఎక్స్‌రేకు మొదటి స్థానం ఇప్పటికీ పోలేదు. ఎముక విరుపు, కీలు సందు తగ్గుదల, క్షయ పట్టిన వెన్నుపూసలు దానిలో కనిపిస్తాయి. నెల్లూరు ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వెన్ను కొయ్యబారిపోతున్నదని 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రకటించిన వ్యాసం ఆధారపడింది ముఖ్యంగా ఎక్స్‌రేల మీదనే: అతిగా చిక్కబడ్డ ఎముక, సున్నం పట్టిన స్నాయువులు. తర్వాత నల్లగొండ ఆ జబ్బుకు మారుపేరైంది. కానీ రుమటాయిడ్ మొదటి నెలల్లో ఎక్స్‌రే మౌనంగా ఉంటుంది. మరోవైపు యాభై దాటినవారి మోకాలిని ఫొటో తీస్తే అరుగుదల చాలామందిలో కనిపిస్తుంది. గుజ్జు అరిగిందన్న ఒక్క మాటతో మనిషిని పంపేయడం మన ఓపీల్లో మామూలైపోయింది. నొప్పికి కారణం అదేనా, తుంటి నుంచి దిగిన నొప్పా అన్నది చేత్తో కీలును కదిపి చూస్తేగాని తేలదు.

రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్ అతి పాతది, అతి చవకది, అతి సులభంగా తప్పుదారి పట్టించేది. ఫారేయస్ 1918లోనూ వెస్టర్‌గ్రెన్ 1921లోనూ స్వీడన్‌లో దానికి రూపం ఇచ్చారు. నిలువు గొట్టంలో గంటసేపట్లో ఎర్రకణాలు ఎంత దిగాయో కొలుస్తారు. గొట్టం కాస్త ఒరిగినా అంకె పెరుగుతుంది. గది వేడెక్కినా పెరుగుతుంది. తీసిన రక్తాన్ని గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచితే అంకెను నమ్మలేం. విశాఖ మే నెలలో ట్రే మీద మరిచిపోయిన గొట్టం ఒక కొత్త జబ్బును సృష్టించగలదు, ఉన్న జబ్బును దాచనూగలదు. రక్తహీనత ఉన్న స్త్రీకి ఏ కీళ్లవాతమూ లేకుండానే ఈఎస్ఆర్ ఎక్కువగా రావచ్చు. సికిల్ సెల్ ఉన్నవారిలో కొడవలి ఆకారపు కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకోవు కాబట్టి, లోపల చీము పట్టినా ఈఎస్ఆర్ తక్కువగానే ఉండవచ్చు. పాడేరు, అరకు కొండల నుంచి పిల్లలు దిగివచ్చే నగరంలో ఈ ఒక్క సంగతి ప్రతి నర్సుకూ తెలిసి ఉండాలి. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్న సీఆర్‌పీ ఈ లోపాలను చాలావరకు దాటింది. అది త్వరగా పెరిగి త్వరగా తగ్గుతుంది.

జనం వాడుకలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే పరీక్ష కథ ఇంకా బోధపరుస్తుంది. నార్వేలో వాలర్ 1940లో, అమెరికాలో రోజ్ 1948లో, రోగి సీరం గొర్రె ఎర్రకణాలను గుంపుకట్టిస్తుందని గమనించారు. 1956లో గొర్రె కణాల స్థానంలో లేటెక్స్ పూసలు వచ్చాక అది ప్రతి ల్యాబుకూ చేరింది. క్షయ, కుష్ఠు, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, కాలేయ వైరస్‌లు ఉన్నవారిలోనూ, ఏ జబ్బూ లేని కొందరు ముసలివారిలోనూ అది పాజిటివ్ వస్తుంది. నిజంగా రుమటాయిడ్ ఉన్నవారిలో నాలుగోవంతు మందికి రాకపోవచ్చు. 1990ల చివర వచ్చిన యాంటీ సీసీపీ పరీక్ష ఇంతకన్నా కచ్చితమైనది. లూపస్ కోసం చేసే ఏఎన్‌ఏ కూడా తక్కువ పలచనలో ఆరోగ్యవంతుల్లో గణనీయంగానే పాజిటివ్ వస్తుంది. ల్యాబు కాగితం మీద పాజిటివ్ అన్న మాట ఎర్ర అక్షరాల్లో చూసి కుమిలిపోయే తల్లికి, ఆ మాటకు అర్థం జబ్బు ఖాయమని కాదని తెలుగులో చెప్పడం కూడా చికిత్సలో భాగమే. డాక్టరు ఓపీలో ఆ వ్యవధి ఉండదు. ఆ మాట చెప్పగలిగినది నర్సే.

చిన్నదిగా కనిపించే ఇంకో జాగ్రత్త. కండరాల జబ్బు అనుమానంతో సీపీకే అనే రక్తపరీక్ష రాస్తారు. నడుం నొప్పికి పిరుదులో ఇంజెక్షన్ పొడిచాక, లేదా కండరంలో సూది గుచ్చే ఈఎంజీ చేశాక ఆ రక్తం తీస్తే అంకె పెరిగి వస్తుంది. ముందు రక్తం, తర్వాత సూది. ఈ వరుస నిర్ణయించేది వార్డులో పనులు పంచే సిస్టరే.

ఈ పరీక్షల, మందుల చరిత్రలో ఒక తెలుగువాడి స్థానం రెండు చోట్ల ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో ఫాస్పరస్ కొలిచే రంగు పద్ధతిని ప్రచురించారు. రికెట్స్ వంటి ఎముకల జబ్బుల్లో ఫాస్ఫేట్ కొలవడానికి ప్రపంచంలోని ల్యాబులు దశాబ్దాలు ఆ పద్ధతినే వాడాయి. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను కూడా తయారుచేసింది. రక్తక్యాన్సర్ కోసం మొదలైన ఆ మందుల్లో అమినోప్టెరిన్‌ను 1951లో గబ్నర్ కీళ్లవాతంలో ప్రయత్నించారు. 1988లో అమెరికా మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్‌కు ఆమోదించింది. 1948 ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్‌ను కీళ్లవాతంలో వాడారు. ఆ క్లినిక్‌లోనే హార్‌గ్రేవ్స్ లూపస్ కణాన్ని ప్రకటించిందీ 1948లోనే. ఈ శాఖ గాలీ వెలుతురూ వచ్చే షెడ్డు నుంచి ప్రయోగశాలకు నడిచిన సంవత్సరం అది. ఆగ్నెస్ హంట్ మరణించిందీ ఆ ఏడాదే.

మెథోట్రెక్సేట్ నేడు రుమటాయిడ్ చికిత్సకు వెన్నెముక. దాని ప్రమాదం మాత్రం మందు గుణంలోకన్నా వాడే తీరులో ఎక్కువ. వారానికి ఒక్కసారే వేసుకోవలసినది. రోజూ వేసుకుంటే నోరు పుండై, మజ్జ దెబ్బతిని, రోజుల్లో ప్రాణం మీదకు వస్తుంది. బీపీ, షుగరు మాత్రలు రోజూ మింగే అలవాటున్న మనిషికి వారానికొక్కటి అన్న మాట చెవిన పడి జారిపోతుంది. తెలివైన నర్సు వారానికి అనదు. ఆదివారం అంటుంది, మందు చీటీ మీద ఆదివారం అని తెలుగులో రాస్తుంది, రోగితోనూ, పక్కనున్న కూతురితోనూ ఒకసారి అనిపిస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఆ రోజు కాక వేరే రోజు. అలా సుబ్బారావు బృందం చేసిన రెండు మందులూ ఒకే చీటీ మీద వేర్వేరు రోజుల పేర్లతో ఉంటాయి. రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు నియమంగా చేయించాలి. పెళ్లయినా కాకపోయినా పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీని గర్భం సంగతి సిగ్గుపడకుండా అడిగి, మందు వాడుతున్నంతకాలం గర్భం రాకూడదని చెప్పాలి.

కీలులోని ద్రవం తీసి చూడడం ఈ శాఖలో అన్నిటికన్నా నేరుగా మాట్లాడే పరీక్ష. మామూలు ద్రవం గడ్డిరంగులో, వేళ్లమధ్య తీగసాగుతుంది. చీము పట్టిన కీలులో ఘనపు మిల్లీమీటరుకు యాభై వేలకు పైగా తెల్లకణాలు ఉండవచ్చు. 1961లో మెకార్టీ, హాలండర్ ధ్రువీకృత కాంతి కింద యూరిక్ యాసిడ్ సూదులను చూపించాక గౌట్ నిర్ధారణ రక్తంలోని అంకె నుంచి కీలులోకి మారింది. గౌట్ ఉధృతంగా ఉన్న రోజున రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా ఉండడం అరుదేమీ కాదు. ద్రవం ఆలస్యమైతే కణాలు నశిస్తాయి. అందుకే తీసిన వెంటనే ల్యాబుకు చేరాలి, కల్చర్ సీసా యాంటీబయాటిక్‌కు ముందే నిండాలి. సూది తీసిన తర్వాత కీలుకు కట్టు, ఒక రోజు విశ్రాంతి. జ్వరం, ఎరుపు, కొత్త వాపు వస్తే రాయడమే కాదు, పిలవాలి.

ఎంఆర్‌ఐ గురించి ఉక్కు నగరంలో ప్రత్యేకంగా చెప్పవలసినది ఉంది. అయస్కాంతం ముందు పేస్‌మేకరు, మెదడులో పాత క్లిప్పులు ఉన్నాయా అని అడుగుతారు; గాజులు, తాడు, పుస్తెలు తీయిస్తారు. మాటల్లో అడగకపోతే బయటపడనిది కంటిలోని ఇనుప నలుసు. గ్రైండింగ్, వెల్డింగ్, చిప్పింగ్ పనులు చేసినవారిలో ఎప్పుడో పడిన లోహపు రజను కనుగుడ్డులోనే ఉండిపోవచ్చు; అయస్కాంత క్షేత్రంలో అది కదిలితే చూపు పోవచ్చు. కంట్లో ఏమైనా ఉందా అని అడిగితే లేదనే వస్తుంది. షాపులో పనిచేసిన రోజుల్లో కంట్లో నలుసు పడి ఆసుపత్రికి వెళ్లావా అని అడిగితే జవాబు మారుతుంది. అవునంటే ముందు కంటి గూడుకు ఎక్స్‌రే.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. ఎముకల స్కానులో టెక్నీషియం ఎక్కించాక రెండు మూడు గంటలు ఆగి, నీళ్లు బాగా తాగించి, మూత్రం పోయించి పడుకోబెడతారు. మూత్రాశయం నిండి ఉంటే కటి ఎముక కప్పుకుపోతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కానులో టీ స్కోరు మైనస్ 2.5, అంతకన్నా తక్కువ వస్తే ఎముక గుల్లబారినట్టు. 1994 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుతున్న గీటు అది. స్కాను తీసే రోజు ఉదయం కాల్షియం మాత్ర వద్దు.

ఎక్స్‌రేకూ స్కానుకూ అందనిది పిండికట్టు లోపలి సంగతి. పచ్చి కట్టు పూర్తిగా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. జూలైలో విశాఖ ఉక్కలో ఆ రెండో అంకెకే చేరుతుంది. అంతవరకు దాన్ని వేళ్లతో ఎత్తకూడదు, అరచేతులతోనే ఎత్తాలి. వేలి గుంట పడిన చోట లోపల చర్మం ఒత్తుకుని పుండవుతుంది. దురదకు చీపురుపుల్ల దూర్చేవారు ప్రతి వార్డులోనూ ఉంటారు. లోపల గీరుకుపోయిన చోటు నుంచి వాసన వచ్చేదాకా తెలియదు. కాబట్టి పుల్ల చేతికి అందకముందే మాట చెప్పాలి.

అన్నిటికన్నా బరువైనది ఒత్తిడి. కట్టు కింద వాచిన కండరానికి చోటు చాలక రక్తం ఆగిపోవడాన్ని 1881లో జర్మనీలో ఫోక్‌మాన్ వర్ణించారు. తర్వాత మిగిలేది ముడుచుకుపోయిన చెయ్యి. దీనికి మొదటి లక్షణం నొప్పి, అదీ గాయానికి మించిన నొప్పి. ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గదు. కాలి బొటనవేలిని నర్సు మెల్లగా పైకి వంచితే రోగి అరుస్తాడు. ఆ దశలో నాడి అందుతూనే ఉంటుంది. నాడి ఉంది కదా అని ఊరుకోవడమే ఈ విషయంలో అతి ఖరీదైన పొరపాటు. పాలిపోవడం, వేలు కదలకపోవడం ఆలస్యంగా వచ్చే లక్షణాలు. రాత్రి డ్యూటీలో గంటకోసారి టార్చి వేసి గోరు నొక్కి, వదిలి, రంగు తిరిగివచ్చేంతవరకు చూసి, వేలు వంచి, ఆ అంకెలు రాసుకునే నర్సు ఇక్కడ పరీక్ష చేస్తున్నది. అనుమానం వస్తే కాలిని గుండె మట్టానికన్నా ఎత్తులో పెట్టకూడదు, మట్టంలోనే ఉంచాలి. కట్టును, లోపలి దూదిని చర్మం దాకా కోయించాలి. సీనియర్‌ను నిద్ర లేపడానికి సంకోచించకూడదు. ఆరేడు గంటలు గడిస్తే కండరం తిరిగిరాదు.

వెన్ను విరిగినవారిని తిప్పడం ఒక్కరి పని కాదు. తల, భుజాలు, తుంటి ఒకే కొయ్యలా తిరగాలంటే నలుగురు కావాలి, ఒకరు లెక్క చెప్పాలి. రెండు గంటలకోసారి తిప్పకపోతే త్రికాస్థి మీద, మడమల మీద పుండు పడుతుంది. క్షయ పట్టిన వెన్నుపూసలో కాళ్ల బలం రోజూ అదే వేళకు చూసి రాయడం స్కానుకన్నా ముందు మాట చెబుతుంది.

పిల్లల్లో రెండు జబ్బులు ఒకదాని ముసుగులో ఒకటి వస్తాయి. గొంతునొప్పి తర్వాత రెండు మూడు వారాలకు మోకాలు వాచి, అది తగ్గి చీలమండకు దిగితే రుమాటిక్ జ్వరం. తొందరపడి ఇచ్చిన ఆస్పిరిన్ ఆ తిరిగే నొప్పిని త్వరగా అణచేసి నిర్ధారణను చెరిపేస్తుంది. 1944లో వేరొక జోన్స్ పెట్టిన ప్రమాణాలను 2015లో సవరించినప్పుడు, మనవంటి దేశాల్లో ఒక్క కీలు వాపునూ లెక్కలోకి తీసుకున్నారు. గుండెను కాపాడేది మూడు వారాలకోసారి ఏళ్ల తరబడి వేసే పెనిసిలిన్. ఆ కార్డు నర్సు దగ్గరే ఉంటుంది. రాని బిడ్డ ఎవరో ఆమెకే తెలుస్తుంది. కొండ ప్రాంతపు బిడ్డకు చేతులు, పాదాలు వాచి జ్వరం వస్తే మాత్రం ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఈ పరీక్షను ఏజెన్సీ గ్రామాల దాకా తీసుకువెళుతోంది. ఆ పిల్లలకు వెచ్చదనం, నీళ్లు, నొప్పికి సరిపోయినంత మందు కావాలి. చల్లటి కాపడం పనికిరాదు. పెద్దల్లోనూ ఇలాంటి పొరపాటే జరిగింది: 2006లో చికున్‌గున్యా కోస్తాను చుట్టినప్పుడు నెలల తరబడి కీళ్లు పట్టేసిన పెద్దలెందరో వాతమని స్టిరాయిడ్ పొట్లాలకు అలవాటుపడ్డారు. నెలలుగా మింగిన స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి మనిషి కూలిపోతాడు. ఆ పొట్లం సంగతి వార్డులో చేరిన రోజే అడిగి రాయాలి.

తుంటి మార్పిడి తర్వాత ఇంటికి పంపేటప్పుడు చెప్పవలసినవి తెలుగు ఇంటికి తగ్గట్టు ఉండాలి. నేలమీద పీట వేసుకుని కూర్చోవద్దు, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి వద్దు, కాలు మీద కాలు వేయవద్దు, పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు. కమోడు కుర్చీ ఎక్కడ దొరుకుతుందో, ఇంట్లో మెట్లు ఎన్నో, ఎవరు చేయి పట్టుకుంటారో వెళ్లేముందే అడిగి తెలుసుకోవాలి. పిక్క ఒక్కటే వాచి నొప్పెట్టినా, ఆపరేషన్ అయిన కాలు ఉన్నట్టుండి పొట్టిదై లోపలికి తిరిగినా, రేపు చూద్దామనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి. మొదటిదానికి కాలి రక్తనాళాల డాప్లర్ పరీక్ష, రెండోదానికి ఎక్స్‌రే.